అరగొండ నుంచి మా అవ్వ దాకా: 20 ఏళ్ల ఒక్క రోజు కథ

మదనపల్లె అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? టమాటా మార్కెట్టు. హార్స్‌లీ కొండ. కాస్త చదివినవాళ్లకైతే బీటీ కాలేజీ, 1919లో ఠాగూర్ అక్కడ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన సంగతి. పుంగనూరు అంటే పొట్టి ఆవు. కుప్పం అంటే ఎలక్షన్లు. కానీ ఈ ఊళ్ల చుట్టూ ఇంకో చరిత్ర కూడా నడిచింది. రోగి డాక్టరు దగ్గరికి పోవాలా, డాక్టరే రోగి దగ్గరికి రావాలా అనే ప్రశ్న చరిత్ర అది. ఈరోజు మన ఫోన్‌లో డాక్టరు కనిపిస్తున్నాడంటే దాని వెనకాల ఉన్నది ఆ ప్రశ్నే.

ఈ సబ్జెక్టు మీద నాకు ఆసక్తి పుస్తకాల వల్ల పుట్టలేదు. మా అవ్వ వల్ల పుట్టింది. అందుకే ముందు ఆమె గురించి చెప్తాను.

మాది పుంగనూరు దగ్గర ఒక పల్లె. అవ్వకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. 2012లో, నేను ఇంటర్ చదివేటప్పుడు, ఆమెకు కాళ్లు వాచాయి. ఊళ్లో ఆర్ఎంపీ సూది వేశాడు, తగ్గలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. తెల్లారుజామున నాలుగింటికి లేచి, సద్దన్నం కట్టుకుని, రెండు బస్సులు మారి పోయాం. చీటీకి ఒక లైను, రక్త పరీక్షకు ఒక లైను, డాక్టరుకు ఒక లైను. మధ్యాహ్నం రెండున్నరకు లోపలికి పిలిచారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మాత్రలు మార్చి రాశారు, నెల తర్వాత మళ్లీ వచ్చి చూపించుకోమన్నారు. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది.

బస్సు చార్జీలు, తిండి ఖర్చు, మా నాయన ఒకరోజు కూలి, అవ్వ ఒకరోజు కూలి, అన్నీ లెక్కేసుకుని అవ్వ ఒక్క మాట అనింది. "ఆ అయిదు నిమిషాల మాటకి ఇంత దూరం నా వల్ల కాదు నాయనా."

నెల తర్వాత పోలేదు. ఉన్న మాత్రలు అయిపోయాక మళ్లీ కొనలేదు. ఆ సంక్రాంతికి ముందు పక్షవాతం వచ్చింది. ప్రాణం నిలబడింది కానీ కుడిచెయ్యి పడిపోయింది. టమాటా తోటలో అందరికంటే వేగంగా కాయలు కోసిన చెయ్యి అది.

ఆ డాక్టరు తప్పు చేశాడని నేను అనను. ఆయన రూము బయట ఇంకా అంత లైను ఉంది. నన్ను తొలిచే ప్రశ్న వేరే. మొదటిసారి పోయి చూపించుకోవాల్సిందే, సరే. రెండోసారి "ఎట్లా ఉందమ్మా, వాపు తగ్గిందా, మాత్రలు పడుతున్నాయా" అని అడగడానికి కూడా అంత దూరం లాక్కుపోవాలా? అప్పటికే మా ఇంట్లో సెల్‌ఫోన్ ఉంది కదా?

దీనికి జవాబు కోసం ఒక నూరేళ్లు వెనక్కి పోదాం.

1915. టీబీకి మందు లేని రోజులు. మదనపల్లె పక్కన, పొడిగాలి తగిలే మెట్ట మీద ఒక ఆసుపత్రి తెరిచారు. యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానటోరియం దాని పేరు. అనేక క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టాయి కాబట్టి 'యూనియన్'. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోల్లర్ దాన్ని నడిపించాడు. ఆ చోటుకే ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. మన జిల్లావాళ్లు ఇప్పటికీ అట్లాగే పిలుస్తారు.

అప్పట్లో శానటోరియం వైద్యం అంటే విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి. నెలల తరబడి, కొందరైతే ఏళ్ల తరబడి, ఇల్లు వదిలి అక్కడే ఉండాలి. అంటే రోగే డాక్టరు దగ్గరికి పోవాలి. డబ్బు, తీరిక, చూసుకునే మనిషి ఉన్నవాళ్లకు అది కుదిరింది. మరి కూలివాడికి? నెలల తరబడి కూలి మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు కదా.

ఆరోగ్యవరం వాళ్లు కూడా గోడల లోపలే కూర్చోలేదు. 1948లో మన దేశంలో బీసీజీ టీకా మొదలుపెట్టిన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. 1950ల్లో అక్కడి డాక్టర్లు ఎక్స్‌రే మిషన్ని బండికి ఎక్కించి చుట్టుపక్కల పల్లెల్లో తిరిగారు. టీబీ ఎంతమందికి ఉందో, ఎవరికి కొత్తగా వస్తోందో ఏళ్ల తరబడి లెక్క రాశారు. మీ పల్లెలో బాగా పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే అడిగి చూడండి, ఆ బండి గుర్తుందేమో.

తర్వాత అసలు మలుపు మద్రాసులో వచ్చింది. 1956లో ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. 193 మంది టీబీ రోగులను తీసుకుని, చీటీలు తీసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపు శానటోరియంలో, ఇంకో గుంపు ఇంట్లో. రెండు గుంపులకూ అవే మందులు, ఒక ఏడాది పాటు. శానటోరియంలో ఉన్నవాళ్లకు మంచం ఉంది, తిండి ఉంది, నర్సు ఉంది. ఇంట్లో ఉన్నవాళ్లకు ఇరుకు గది, అరకొర తిండి, రోజూ పని. మీరైతే ఎవరి మీద పందెం కాస్తారు?

1959లో ఫలితం వచ్చింది. ఇంటి వైద్యం శానటోరియం వైద్యానికి దాదాపు సమానంగా పనిచేసింది. ఇంట్లో వాళ్లకు అదనంగా జబ్బు అంటుకోవడం కూడా కనిపించలేదు. ఆ తర్వాత ప్రపంచమంతా టీబీ శానటోరియంల కాలం మెల్లగా ముగిసిపోయింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ కావాలి. మాత్రలు చేతికిచ్చి ఇంటికి పంపేసి ఊరుకోలేదు వాళ్లు. సిబ్బంది చెప్పకుండా ఇంటికి వచ్చేవాళ్లు. మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవాళ్లు. మూత్రం పరీక్ష చేసి మందు మింగారా లేదా చూసేవాళ్లు. అంటే రోగి ఇంట్లో ఉంటే చాలదు, ఇంటి దాకా వచ్చే మనిషి కూడా ఉండాలి. ఆ ప్రయోగం గెలిచింది ఆ మనిషి వల్లే అని నా నమ్మకం.

ఇప్పుడు 2000కి వద్దాం. మార్చి 24. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఆరోజు హైదరాబాద్‌లో ఉన్నాడు. టీవీల్లో అంతా హైటెక్ సిటీయే. అదేరోజు ఆయన చేతుల మీదుగా మన చిత్తూరు జిల్లాలో ఒక పల్లె ఆసుపత్రి టెలిమెడిసిన్ కేంద్రం ప్రారంభమైంది. ఆ పల్లె అరగొండ. తవణంపల్లె మండలం. అపోలో ఆసుపత్రులు పెట్టిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు. ఆసుపత్రి మీద వీశాట్ డిష్ పెట్టి, ఉపగ్రహం ద్వారా నగరంలోని స్పెషలిస్టులతో కలిపారు. ఎక్స్‌రే, ఈసీజీ ఇక్కడ తీస్తే అక్కడ కంప్యూటర్ మీద చూస్తారు. తర్వాత ఇస్రో కూడా చేయి కలిపింది.

ఇంకో విచిత్రం. మార్చి 24 ప్రపంచ టీబీ దినం. అదేరోజు హైదరాబాద్‌లో క్లింటన్ ఒక ఆసుపత్రికి పోయి టీబీ గురించి మాట్లాడాడు. శానటోరియం వదిలి టీబీ ఇంటికి వచ్చిన కథ, నగరం వదిలి డాక్టరు పల్లెకి వచ్చే కథ, రెండూ అనుకోకుండా ఒకే తేదీ మీద కలిశాయి.

మరి నా ప్రశ్న ఇదీ. అరగొండ మా పుంగనూరుకు ఒక పూట ప్రయాణం కూడా లేదు. అక్కడ 2000లోనే డాక్టరు తెర మీదకి వచ్చేశాడు. 2012లో మా అవ్వకు ఆ సౌకర్యం ఎందుకు అందలేదు?

మొదటి కారణం అందరికీ తెలిసిందే, ఖర్చు. అప్పట్లో డిష్, కెమెరా, కంప్యూటర్, కరెంటు బ్యాకప్ అన్నీ పెట్టాలంటే ప్రతి పల్లెకీ కుదిరే పని కాదు.

రెండో కారణం, ప్రాజెక్టు పద్ధతి. కుప్పం సంగతే చూడండి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్, అదే మన ప్రింటర్ల హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పం ఐ-కమ్యూనిటీ అని మొదలుపెట్టింది. పల్లెల్లో కంప్యూటర్ సెంటర్లు పెట్టి, సమాచారం, సర్కారు సేవలు జనం ముంగిట్లోకి తేవాలని ఆలోచన. మూడు రాష్ట్రాల హద్దులో, తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే కుప్పంలో ఇది చాలా పెద్ద కలే. ప్రపంచమంతా దాని గురించి వ్యాసాలు రాశారు. కానీ ప్రాజెక్టుకు గడువు ఉంటుంది. గడువు అయిపోతే కంపెనీ తన దారి తాను చూసుకుంటుంది. రోగానికి గడువు ఉండదు కదా. బీపీ మాత్ర మూడేళ్లు వేసుకుని ఆపేసేది కాదు.

మూడో కారణం ఎవరూ పెద్దగా మాట్లాడనిది, నా దృష్టిలో అసలైనది. రూలు లేదు. ఫోన్‌లో రోగిని చూసి మందు రాయొచ్చా, రాయకూడదా అని మన దేశంలో ఎక్కడా స్పష్టంగా రాసి లేదు. డాక్టర్ల ప్రవర్తన నియమాలు 2002లో వచ్చాయి, వాటిలో ఈ ముచ్చటే లేదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 మొదలైంది. ఆ తర్వాత 104 వచ్చింది. అంటే ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది, ఫోన్ చేస్తే సలహా వచ్చింది. కానీ ఒక డాక్టరు ఫోన్‌లో చీటీ రాసి, రేపు ఏదైనా జరిగితే? ఆయనకు అండగా చూపించడానికి ఒక్క కాగితం లేదు.

ఆ భయం ఉత్తదేం కాదు. 2018లో బాంబే హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. డాక్టర్లు ఆసుపత్రిలో లేరు, ఫోన్‌లో చెప్పిన మందులతో వైద్యం నడిచింది, బాలింత చనిపోయింది. ఆ డాక్టర్లకు కోర్టు ముందస్తు బెయిల్ ఇవ్వలేదు. చనిపోయిన తల్లి వైపు నుంచి చూస్తే కోర్టు కోపం న్యాయమే. కానీ ఆ తర్వాత, ఫోన్‌లో ఏమైనా చెప్పాలంటేనే చాలామంది డాక్టర్లు జంకారు. ఎక్కడ ఫోన్ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అని గీత గీసినవాళ్లే లేకపోతే, ఇటు రోగికీ రక్షణ లేదు, అటు డాక్టరుకీ లేదు.

ఆ గీత ఎప్పుడు గీశారో తెలుసా? 2020 మార్చి 25. శార్వరి నామ ఉగాది. లాక్‌డౌన్ మొదటి రోజు. పచ్చడికి వేపపూత కోసం కూడా బయటికి పోవాలా వద్దా అని మనం గుమ్మంలో నిలబడిన రోజు. అదేరోజు మెడికల్ కౌన్సిల్ స్థానంలో ఉన్న బోర్డు, నీతి ఆయోగ్‌తో కలిసి టెలిమెడిసిన్ ప్రాక్టీస్ గైడ్‌లైన్స్ విడుదల చేసింది.

లెక్కేసుకోండి. అరగొండలో ప్రారంభం 2000 మార్చి 24. రూలు వచ్చింది 2020 మార్చి 25. సరిగ్గా 20 ఏళ్ల ఒక్క రోజు. యంత్రం వచ్చాక రూలు రావడానికి అంత కాలం పట్టింది. ఆ మధ్యలోనే మా అవ్వ కుడిచెయ్యి పోయింది.

ఆ గైడ్‌లైన్స్‌లో ఏముందో మనలో చాలామందికి తెలియదు. తెలుసుకుంటే మనకే లాభం. వీడియో, ఫోన్, మెసేజ్ మూడింటిలోనూ వైద్యం చెప్పొచ్చు. దేశంలో రిజిస్టర్ అయిన డాక్టరు ఎక్కడినుంచైనా ఎక్కడివాళ్లకైనా చెప్పొచ్చు. అంటే కుప్పంలో ఉన్న మీకు బెంగళూరు డాక్టరు చూసినా తప్పు లేదు. మందులను జాబితాలుగా విడగొట్టారు. పారాసిటమాల్, ఓఆర్ఎస్ లాంటివి ఎట్లా మాట్లాడినా చెప్పొచ్చు. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూడాల్సిందే. కొన్ని పాత రోగికి మాత్రమే. మత్తు కలిగించే మందులు, అలవాటు పడే ప్రమాదం ఉన్నవి అసలు రాయకూడదు. నాకు బాగా నచ్చిన రూలు ఇంకొకటి ఉంది. నేను స్వయంగా వచ్చి చూపించుకుంటాను అని రోగి అంటే, కాదు ఫోన్‌లోనే మాట్లాడు అని డాక్టరు పట్టుబట్టకూడదు.

ఇందులో మన పల్లెవాళ్లకు నవ్వొచ్చే సంగతి కూడా ఉంది. ఆ కాగితం నిండా 'ఆర్ఎంపీ' అనే మాటే. మన ఊళ్లో ఆర్ఎంపీ అంటే సైకిలు మీదో, బండి మీదో వచ్చి సూది వేసే ఆయన, చాలాసార్లు డిగ్రీ లేని ఆయన. గైడ్‌లైన్స్‌లో ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, డిగ్రీ చదివి కౌన్సిల్లో నమోదైన డాక్టరు. అవే మూడు అక్షరాలు, మనుషులు వేరే. ఫోన్‌లో మీతో మాట్లాడేది ఏ ఆర్ఎంపీ అని అడిగే హక్కు మీకుంది. పేరు చెప్పాలి, చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి.

రూలు వచ్చాక పని వేగం అందుకుంది. పల్లె ఆరోగ్య కేంద్రాన్ని పెద్దాసుపత్రి డాక్టరుతో వీడియోలో కలిపే ఈ-సంజీవని 2019 నవంబరులో మొదలైతే, దాన్ని ముందుగా అమలు చేసిన రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. 2020 ఏప్రిల్లో 14410 నంబరు వచ్చింది. 2023 ఫిబ్రవరికి దేశంలో ఈ-సంజీవని కాల్స్ 10 కోట్లు దాటితే, అందులో 3 కోట్లకు పైగా మన రాష్ట్రానివే.

అందులో ఒకటి మా అవ్వది.

2021లో ఊళ్లో హెల్త్ క్లినిక్‌కు తీసుకుపోయాను. అక్కడ పనిచేసే అక్క ట్యాబ్ ముందు కూర్చోబెట్టింది. తెర మీద ఒక కుర్ర డాక్టరు. అవ్వ ఆయన్ని చూసి నా చెవిలో, "ఆ టీవీలో ఉండే ఆయప్పకు నా కాలు వాపు ఎట్ట తెలస్తాదిరా? నొక్కి చూడల్ల గదా" అనింది. అక్కకు వినిపించింది. ఆమె నవ్వి, కింద కూర్చుని, అవ్వ కాలి మీద బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకుంది. వేలు తీసి చూసి, "గుంట పడతాంది సార్, కొంచేపటికి గానీ పైకి రాలా" అని చెప్పింది. డాక్టరు కిడ్నీ పరీక్ష రాశాడు, ఒక మాత్ర మార్చాడు. వారం తర్వాత ఆ అక్కే ఇంటికి వచ్చి మాత్రల షీటు తీసి చూసింది, ఎన్ని మింగారో అని.

మద్రాసు ప్రయోగం గుర్తుంది కదా? మాత్రలు లెక్కపెట్టడానికి ఇంటికి వచ్చిన మనిషి. 60 ఏళ్ల తర్వాత అదే మనిషి, మా ఇంటి అరుగు మీద.

నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పాలనుకున్నది ఇదే. డాక్టరును దగ్గర చేసింది కెమెరా ఒక్కటే కాదు. అటువైపు డాక్టరుకు ధైర్యం ఇచ్చే రూలు, ఇటువైపు కాలు నొక్కి చూసే వేలు, రెండూ కావాలి. అరగొండలో యంత్రం ఉంది, రూలు లేదు. ఇప్పుడు రూలు ఉంది, ఫోన్ ప్రతి జేబులో ఉంది. ఆ వేలు మాత్రం అన్ని ఊళ్లలో లేదు. క్లినిక్‌లో పోస్టు ఖాళీగా ఉంటే ట్యాబ్ బీరువాలోనే ఉంటుంది. 3 కోట్ల కాల్స్ అని లెక్క చెప్తారు, సంతోషమే. కానీ ఆ లెక్క ఎన్నిసార్లు మాట్లాడారో చెప్తుంది, ఎంతమందికి నయమైందో చెప్పదు. మా ఇంట్లో లాగా ఫోను మగవాళ్ల జేబులోనే ఉండే ఇళ్లు ఎన్నో, ఆ ఇంటి ఆడవాళ్లు తమ బాధ ఎవరి ముందు చెప్పుకుంటారో కూడా చెప్పదు.

ప్రభుత్వాలకూ ఇది తెలియక కాదు. 2023లో ఫ్యామిలీ డాక్టర్ అని పీహెచ్‌సీ డాక్టరునే పల్లెకు పంపే పద్ధతి పెట్టారు. 2025 జులైలో కుప్పం ఏరియా ఆసుపత్రిలో టాటా వాళ్ల డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలైంది, పీహెచ్‌సీలను, పల్లె కేంద్రాలను ఒకే చోటికి కలపాలని. పార్టీలు మారతాయి, పేర్లు మారతాయి. కుప్పానికి ఇలాంటి కల ఇది మొదటిసారి కాదు. ఈసారి గడువు అయిపోయాక కూడా అది నిలుస్తుందా అన్నది మనం గమనిస్తూ ఉండాలి. పోస్టు ఖాళీగా ఉంటే అడగాలి కూడా.

పోయే ముందు మీ చేతిలో ఉన్న పని చెప్తాను. ఫోన్ వాడటం మీకొచ్చు, మీ అవ్వకు రాదు. ఆమె పాత చీటీలు, రిపోర్టులు ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టండి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు పక్కన ఉండండి, కానీ ఆమె చెప్పేది ఆమెనే చెప్పనీయండి. ఛాతీ నొప్పి, మూతి వంకర, మాట తడబడటం, ఊపిరి అందకపోవడం అయితే వీడియో కాల్ పెట్టుకుని కూర్చోవద్దు, వెంటనే 108. ఇంకోటి, ఇది మీకోసం. మనసు బాగాలేక ఎవరికీ చెప్పుకోలేకపోతుంటే 14416 ఉంది, టెలి మానస్. తెలుగులోనే మాట్లాడొచ్చు, క్లినిక్ ముందు ఎవరైనా చూస్తారేమో అనే భయం ఉండదు.

అవ్వ ఇప్పుడు ఎడమచేత్తోనే మాత్రలు వేసుకుంటుంది. నెలకోసారి "టీవీలో ఆయప్పతో మాట్లాడల్ల, ఎప్పుడురా?" అని తనే గుర్తు చేస్తుంది. 2012లో కూడా ఆమె అడిగింది ఇంతే. అయిదు నిమిషాల మాట, ఇంటికి దగ్గర్లో.

మీ ఊళ్లో హెల్త్ క్లినిక్ తెరిచి ఉంటోందా? అక్కడ కాలు నొక్కి చూసే మనిషి ఉన్నారా? కామెంట్‌లో ఊరి పేరుతో సహా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.